కచేరీకి రెండు తలుపులు

పాత కోర్టులు చూడటం కోసం ఊళ్ళు తిరిగే మనిషిని నాకు తెలిసి నేనొక్కణ్ణే. గుళ్ళకు వెళ్ళేవాళ్ళకు ప్రసాదమైనా దొరుకుతుంది. నాకు దొరికేది గబ్బిలాల కంపు, పంచెకు అంటుకునే పల్లేరు కాయలు. మా రాజోలు వైపు ఒక మున్సిఫు కోర్టులో గుమాస్తాగా చేరి, తల నెరిసేదాకా అక్కడే ఉండి బయటపడ్డాను. "ఇన్నేళ్ళు కోర్టులో కూర్చున్నది చాలక, డబ్బులు పెట్టుకుని మరీ వెళ్ళి చూడాలా?" అని మా ఆవిడ ప్రతిసారీ అంటుంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను కాగితాలు చూశాను గాని గోడలు చూడలేదు. ఇప్పుడు తీరికగా గోడలు చూస్తున్నాను.

ఈసారి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు వెళ్ళాను. కోరుట్ల దగ్గర ఒక పల్లెలో జాగీర్దారు కట్టించిన కోర్టూ జైలూ ఒకే కప్పు కింద ఉన్నాయని ఒక స్నేహితుడు చెప్పాడు. అది చూసి, నాలుగు ఫొటోలు తీసుకుని, వేములవాడ రాజన్నకు దండం పెట్టుకుని ఇంటికి వచ్చేద్దామనుకున్నాను. అలా జరగలేదు. వచ్చి నెల దాటినా మనసు కుదుటపడలేదు. రాస్తే కొంచెం తేలికవుతుందేమోనని రాస్తున్నాను.

జగిత్యాల

బస్టాండు బయట నా కంట మొదట పడినవి విమానాలు. వరసగా ట్రావెల్స్ ఆఫీసులు, పాస్‌పోర్టు ఫొటోల దుకాణాలు, గల్ఫు వెళ్ళేవాళ్ళకు రక్తపరీక్షలు చేసే ల్యాబులు. ఒక్కో బోర్డు మీద ఒక్కో విమానం బొమ్మ. మా కోనసీమ నుంచి కూడా గల్ఫుకు వెళ్తారు. కాకపోతే మా దగ్గర ఎక్కువగా వెళ్ళేది ఆడవాళ్ళు, అక్కడి ఇళ్ళలో వంటపనికీ పిల్లల పనికీ. ఇక్కడ వెళ్ళేది మగవాళ్ళు. మా ఊళ్ళలో మిగిలిపోయిన మగవాళ్ళు ఆడపిల్లలకు జడలు వేస్తుంటారు, ఇక్కడ ఆడవాళ్ళు పొలాల్లో మోటార్లు వేస్తుంటారు. ఎవరు వెళ్ళినా వెనకాల ఉండేది సగం ఇల్లే.

హోటల్లో పెసరట్టు అడిగితే సర్వరు నా వంక జాలిగా చూసి పూరీలు తెచ్చి పెట్టాడు. ముప్పై రూపాయలకు నాలుగు పూరీలూ, ఆలుగడ్డ కూరా. కూర బాగుందని మళ్ళీ వేయించుకున్నాను.

కోటకు ఆటోలో వెళ్ళాను. నక్షత్రం ఆకారంలో కట్టిన కోట, చుట్టూ కందకం. బురుజు మీద ఫొటో కోసం వెనక్కి వెనక్కి నడిచి తుమ్మ కంప మీద కాలు వేశాను. ముల్లు చెప్పు అడుగు దాటి పాదంలో దిగింది. ఆటో నడిపే మహమూద్ నన్ను రాయి మీద కూర్చోబెట్టి, నా పాదం తన ఒళ్ళో పెట్టుకుని, పిన్నీసుతో ముల్లు తీశాడు. తీస్తూనే కబుర్లు చెప్పాడు. వాళ్ళ నాన్న గురించి "మా అబ్బా గీ కోట కాడ్నే మేకలు మేపిండు" అన్నాడు. కన్నతండ్రిని మేపిండు, పోయిండు అంటుంటే గారూ అండీ మధ్య పెరిగిన నాకు మొదట చెవిలో ఏదో గుచ్చుకుంది. ఆ మాటలో అమర్యాద ఏమీ లేదని రెండో పూటకే అర్థమైంది.

నేను వచ్చింది పాత జైలు చూడటానికని తెలిసి మహమూద్ నవ్వాడు.

"జైలు జూడనీకె గింత దూరం అచ్చిండ్రా సార్? మా దోస్తులు ఇద్దరున్నరు జైల్ల. గీడ గాదు, దుబాయ్‌ల. గీడి జైళ్లు ఖాళీ అయినయ్, గాడియి నిండినయ్."

అతనూ కొన్నేళ్ళు అక్కడ బండి నడిపి వచ్చినవాడే. దోస్తులు ఏం నేరం చేశారని అడిగాను. వీసా అయిపోయాక కూడా పని చేశారట. పని చేయడం నేరమెట్లయితదో నాకు దెల్వది సార్ అని ఆటో ఎక్కాడు.

జాగీర్దారు కచేరీ

ఆ పల్లె పేరు రాయను. అక్కడివాళ్ళు రాయొద్దన్నారు. కోరుట్ల నుంచి పసుపు చేలు, మక్క చేలు దాటుకుంటూ వెళ్ళాలి. కచేరీ ఊరి మొదట్లోనే ఉంది. డంగు సున్నం గోడలు, చెయ్యి చాపితే ఈ చివర నుంచి ఆ చివర అందనంత మందం. ముందు వరండా, లోపల పెద్ద హాలు. హాలుకు రెండు తలుపులు. ఒకటి వీధిలోకి. రెండోది నడుం వంచితే తప్ప పట్టనంత పొట్టిది, జైలు గదుల్లోకి. జాగీర్దారు ముందు నిలబడిన మనిషి ఆ రెండింట్లో ఒకదాంట్లోంచి పోవాలి. మధ్యలో జవాన్లు తీసుకెళ్ళే దారంటూ లేదు. నేను చూసిన కోర్టుల్లో ఇలాంటిది ఎక్కడా లేదు. హాలు మధ్యలో నిలబడితే నాలాంటి ఏ తప్పూ చేయనివాడికి కూడా కాళ్ళు వీధి తలుపు వైపే లాగాయి.

వీధి గుమ్మం మీద ఉర్దూలో ఏదో చెక్కి ఉంది. ఏళ్ళ తరబడి వేసిన సున్నం కింద అక్షరాలు చాలావరకు పూడిపోయాయి. ఖాజా సాబు అనే బీడీల టేకేదారు, అంటే కాంట్రాక్టరు, వచ్చి కళ్ళద్దాలు సవరించుకుని చదివాడు.

"అదాలత్ అని ఉన్నది సార్. ఎవరి అదాలతో గా ముక్క సున్నంల మునిగింది."

కట్టడం కథ నాకు చెప్పింది సాయాగౌడ్ అనే ముసలాయన. కల్లుకోసం తాటిచెట్లెక్కడం మానేసి చాలాకాలమైందట, ఇప్పుడు వరండాలో కూర్చోవడమే పని. జాగీర్దారు ఇంట్లో పెళ్ళికి కల్లు తక్కువ పంపాడని ఆయన తండ్రిని ఆ పొట్టి తలుపులోంచి లోపలికి తోశారు. ఎన్నాళ్ళు ఉంచారని అడిగాను.

"మా నాయినకు లెక్క రాదు సార్. మా అమ్మ గా కిటికీలకెళ్లి గట్క పెట్టేదట. ఆమెకు గదే యాది."

జాగీర్లు పోయాక కొంతకాలం ఖాళీగా ఉంది. తర్వాత పోలీసులు వాడుకున్నారు. కూలి పెంచమని, వెట్టి చెయ్యబోమని పల్లెలు లేచిన రోజుల్లో ఆ గదులు మళ్ళీ నిండాయి. సాయాగౌడ్ వాళ్ళ అన్న రాజాగౌడ్‌ను తెచ్చి పెట్టింది అప్పుడే. తండ్రి ఉన్న గదిలోనే కొడుకూ ఉన్నాడు. అన్న బయటికొచ్చాక ఏమయ్యాడని అడిగాను.

"బయటికచ్చినోనికి ఊర్లె పని ఎవ్వడిస్తడు సార్. పోలీసోళ్లు దినాం ఇంటికచ్చెటోళ్లు. బొంబై పోయిండు. గాడికెళ్లి దుబాయ్ పోయిండు. ఆని ఎన్క ఊర్లె పోరగాండ్లు పోయిండ్రు. మా ఊరికి దుబాయ్ తొవ్వ వెట్టింది గీ జైలే."

"మళ్ళీ వచ్చాడా మీ అన్న?"

"అచ్చిండు. పెట్టెల అచ్చిండు."

ఆయన ఏడుస్తూ చెప్పి ఉంటే ఏదో ఒకటి ఓదార్పుగా అనేవాణ్ణి. చుట్ట ముట్టించుకుంటూ చెప్పాడు.

ఇప్పుడు ఆ జైలు బీడీల కార్ఖానా. తునికాకూ తంబాకూ ఇంటికి తీసుకెళ్ళి ఆడవాళ్ళు బీడీలు చేసి తెస్తారు. ఖాజా సాబు జైలు గదిలో కూర్చుని కిటికీ ఊచల మధ్య నుంచి కట్టలు అందుకుంటాడు. బాగాలేని బీడీలు విరిచి పక్కన పడేస్తాడు. ఆడవాళ్ళు వీధిలో ఎండలో వరసగా నిలబడి ఉన్నారు. నన్ను చూసి ఖాజా సాబు సరదాగా అన్నాడు.

"జూసిండ్రా సార్, జైల్ల నేనున్న, వీళ్లందరు బయట ఉన్నరు."

"తాళంచెయ్యి నీ కాడ్నే ఉన్నది గద సేటూ" అంది వరసలో ముందున్న ఆమె. అందరూ నవ్వారు, ఖాజా సాబు కూడా. నవ్వుతూనే ఆమె కట్టలోంచి గుప్పెడు బీడీలు విరిచేశాడు.

ఆమె పేరు శ్యామల. నేను కోర్టులో పనిచేసిన మనిషినని ఖాజా సాబు చెప్పగానే, చాట చంకలో పెట్టుకుని వరండాలోకి వచ్చి, మొహమాటం లేకుండా అడిగింది.

"సార్, మనిషి లేడని ఎవ్వలు జెప్తె కోర్టు నమ్ముతది?"

ఆమె అత్తగారిల్లు సిరిసిల్ల. భర్త అంజయ్య సాంచాలు నడిపేవాడు, అంటే మరమగ్గాలు. మగ్గాలు ఆగిపోయాక గల్ఫు పోయాడు. అక్కడ కంపెనీలో జీతాలు ఇవ్వకపోతే పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే వదిలేసి బయటపడి, దొంగచాటుగా ఎక్కడెక్కడో పని చేశాడు. అలా బయటపడ్డవాళ్ళను అక్కడ కల్లివెల్లి అంటారట. కొన్నాళ్ళు ఫోన్లు చేశాడు. తర్వాత చేయలేదు. తోటివాళ్ళు ఒకరు ఎడారిలో పోయాడన్నారు, ఒకరు జైల్లో చూశామన్నారు, ఒకరు అసలు చూడనే లేదన్నారు. ఏడేళ్ళు దాటాయి. శ్యామల పుట్టింటికి వచ్చి బీడీలు చేస్తోంది, అత్త సిరిసిల్లలో ఉంది.

"ఇల్లు ఆయన పేరు మీద ఉన్నది. వానకు ఎన్క గోడ కూలింది. సర్కారు సాయం రావాలంటె ఇంటాయన సంతకం గావాలె అంటరు. లేడంటె సచ్చిన కాయితం తెమ్మంటరు. పింఛన్ అడిగితె గదే మాట. మొగడున్నదాన్ని గాదు, మొగడు సచ్చినదాన్ని గాదు. నాకు ఏదో ఒకటి గావాలె సార్."

ఏడేళ్ళుగా కబురు లేకపోతే, కబురు తెలియాల్సిన మనుషులు వచ్చి తెలియదని చెబితే, చనిపోయినట్టే లెక్కగట్టి కోర్టు తీర్పు ఇస్తుందని చెప్పాను. భార్య చెప్పాలి, తల్లి చెప్తే ఇంకా మంచిది అన్నాను.

"వకీలు సారు గూడ గట్లనే అన్నడు. రేపే సిరిసిల్ల కోర్టుల పేషీ. మా అత్త అస్తనన్నది. ఒప్పుకునెటల్లకు నాలుగైదు పండుగలు పోయినయ్."

కోరుట్ల

ఆ రాత్రి మకాం కోరుట్లలో. సాయంత్రం బజారులో ఒకామె పెనం మీద సర్వప్ప కాలుస్తుంటే ఆగాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లాకు కలిపి ఒత్తి కాలుస్తారు. మా వైపు దిబ్బరొట్టెకు దూరపు చుట్టం. ఇరవై రూపాయలు. నేను బెల్లంపాకం అడిగాను. మేము దిబ్బరొట్టెకు పాకం నంజుకుంటాం మరి. ఆమె పక్కనున్న గిరాకీతో "సారు బెల్లమడుగుతుండు" అని నా ఎదుటే చెప్పుకుని నవ్వింది. రొట్టె మాత్రం కరకరలాడుతూ బ్రహ్మాండంగా ఉంది.

గదికి వెళ్ళాక సంతోషంగా ఉండాల్సిన నేను ఉండలేకపోయాను. ఎన్నో ఊళ్ళు తిరిగి వెతికినా దొరకని కట్టడం దొరికింది. ఫొటోలు బాగా వచ్చాయి. వాటిని చూస్తుంటే ప్రతి ఫొటోలోనూ ఎక్కడో ఒకచోట ఒక ఆడమనిషి చేతిలో చాటతో నిలబడి ఉంది. కట్టడం ఒక్కటే ఉన్న ఫొటో కోసం చూశాను, లేదు.

వేములవాడ దారి

పొద్దున్నే సిరిసిల్ల బస్సులో శ్యామల కనబడింది. పక్క సీటు చూపించింది. ఉతికిన చీర కట్టి, మొహానికి పౌడరు రాసుకుని, బొట్టు పెట్టుకుని ఉంది. మెడలో పుస్తెలు పైటలోకి తోసుకుంది. బొట్టు పెట్టుకుని పోతే జడ్జి ఏమనుకుంటారోనని దారిలో రెండుసార్లు అడిగింది. ఏమీ అనుకోరని చెప్పాను.

వాళ్ళ అత్త నర్సవ్వ గురించి చెడ్డమాట ఒక్కటీ చెప్పలేదు. ఆమె ఏటా కొండగట్టు ఆంజనేయస్వామి గుడికి నడిచి పోతుందట, అంజన్న పేరు పెట్టుకున్న కొడుకును అంజన్నే తెస్తాడని.

"ఆమెకాడికి ముందుగాల నేను పోయి అడుగుడు మంచిగనిపియ్యలే సార్. కన్నతల్లిని కొడుకు లేడని జెప్పుమనుడు ఏంది. గని ఇంకెవ్వలను అడుగాలె."

కాసేపటికి కిటికీలోంచి చూస్తూ మళ్ళీ అంది. "నాకు ఆయన సావాలని లేదు సార్. సచ్చిండని రాసిస్తె సాలు."

వేములవాడలో కోడె మొక్కులవాళ్ళు కొందరు దిగిపోయారు. నేనూ అక్కడ దిగాల్సింది. దిగలేదు.

సిరిసిల్ల

సిరిసిల్లలో సాంచాల చప్పుడుకు మాటలు వినబడవని చదివాను. ఒక వీధిలో అలాగే ఉంది. రెండో వీధిలో మా ఇద్దరి చెప్పుల చప్పుడు వినబడింది. అక్కడ షెడ్లకు తాళాలు. మగ్గాలు పాత ఇనుము కింద అమ్మేశారని శ్యామల చెప్పింది.

నర్సవ్వ ఇంటి వెనక గోడ స్థానంలో నీలం టార్పాలిన్ పరదా కట్టి ఉంది. ఆమె గడపలో కూర్చుని కండెలు చుడుతోంది. సన్నటి మనిషి, చేతులు మాత్రం గట్టివి. నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, మాది ఏ ఊరో, నాకెందరు పిల్లలో అడిగింది. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులని తెలిసి ఏదో ఆకు పేరు చెప్పింది. తర్వాత తనంతట తనే విషయానికి వచ్చింది.

"జెప్త సార్. నా కొడుకు కబురు నాకు తెల్వదని జెప్త. గంతనే గద? అబద్ధం గూడ గాదు."

"అంతేనమ్మా."

"నా కోడలు నా కొడుకు మీద కేసేసిందని వాడకట్టోళ్లు అంటరు. అననియ్యి. ఆమెకు గీ ఇంట్ల ఏం సుఖమున్నది. గీ ఒక్కటన్న చేస్త."

శ్యామల తల వంచుకుని అత్త చీర కుచ్చిళ్ళు సవరించింది. ముగ్గురం నడిచి వెళ్ళాం.

కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. నాకు సొంతింట్లో ఉన్నట్టే ఉంది. అదే సిరా వాసన, అవే నల్లకోట్లు. అంతా సవ్యంగా జరుగుతుందని నమ్మకంగా ఉన్నాను. అంజయ్యను దావాలో ప్రతివాదిగా చూపించారు, పేపర్లో ప్రకటన కూడా వేశారు. ప్రతివాది రాకపోతే బంట్రోతు వాకిట్లోకి వచ్చి పేరు మూడుసార్లు పిలవాలి. ఎవరూ రాకపోతే రాలేదని రాసుకుని, సాక్ష్యాలు తీసుకుంటారు. నా ఉద్యోగంలో ఇలాంటి పిలుపులు ఎన్ని విన్నానో. వాటికి ఎవరూ జవాబు చెప్పరు. అది జవాబు కోసం పిలిచే పిలుపు కాదు.

బంట్రోతు నడివయసు మనిషి. వాకిట్లోకి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"అంజయ్యా. అంజయ్యా."

మూడోసారి పిలిచేలోపే నర్సవ్వ లేచి నిలబడింది.

"ఉన్నడయ్యా. దూరం పోయిండు. ఏందో నాకు జెప్పు."

వరండా అంతా మా వైపు తిరిగింది. శ్యామల అత్త చెయ్యి పట్టుకుని కిందికి లాగబోయింది. లోపల జడ్జి వరకూ ఆ మాట వినబడింది. జడ్జిగారు నర్సవ్వను లోపలికి పిలిపించారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"అమ్మా, మీ కొడుకు దగ్గర నుంచి ఏమైనా కబురు వచ్చిందా?" జడ్జి మెల్లగానే అడిగారు.

"రాలే సార్."

"మరి ఉన్నాడని చెప్పారు కదా."

"వాకిట్లకచ్చి పేరువెట్టి పిలిస్తె ఇంటోళ్లు పలుకాలె గద సార్. మూడుపార్లు పిలిచినంక గూడ ఎవ్వలు పలుకకపోతె, గా ఇంట్ల దీపమెట్టెటోళ్లు లేరనుకుంటరు. నేనుండంగ గట్లెట్ల ఊకుంట."

"చనిపోయాడని మీరు నమ్ముతున్నారా?"

నర్సవ్వ కోడలి వైపు చూసింది. ఇంట్లో చెప్పిన మాట ఇక్కడ చెప్పడానికి నోరు తెరిచింది. నేను చూశాను, నిజంగా ప్రయత్నించింది. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే మాట.

"నా కొడుకు బత్కి ఉన్నడు సార్."

జడ్జి ఆ మాట రాయించారు. రాయించక తప్పదు. నేను ఆ కుర్చీ ముందు గుమాస్తాగా కూర్చుని ఉన్నా అదే రాసేవాణ్ణి. వకీలు ఫైలు మూసేసి, తల్లే బతికున్నాడని చెప్పాక నేనేం చేయాలని శ్యామలనడిగాడు. వాయిదా వేశారు. ఇంకో సాక్ష్యం తెచ్చుకోమన్నారు. ఎడారి నుంచి సాక్ష్యం ఎవరు తెస్తారు? నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియలేదు.

మధ్యాహ్నం కోర్టు లేచింది. వరండా ఖాళీ అయింది. శ్యామల మెట్ల మీద కూర్చుంది, ఏడవలేదు. అత్తను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది. నర్సవ్వ మాత్రం అన్నం తినడానికి వెళ్తున్న బంట్రోతు దగ్గరికి నడిచింది.

"కొడుకా, ఇంకొక్కపారి పిలువవా."

"వాయిదా పడ్డదవ్వా. ఇయ్యాల ఇంక పిలువద్దు."

"ఏడేండ్ల సంది ఎవ్వలు పిలువలే వాన్ని. పొద్దుగాల నేను మధ్యల పలికిన. వాన్ని పలుకనియ్యలే."

బంట్రోతు నా వైపు చూశాడు. నేను కళ్ళు దించుకున్నాను. శ్యామల మెట్ల మీద నుంచి తల తిప్పకుండా అంది.

"పిలువు అన్నా."

అతను టిఫిన్ డబ్బా బెంచీ మీద పెట్టి, అటూ ఇటూ చూసి, వాకిట్లోకి దిగాడు. మెల్లగా పిలుద్దామనుకున్నట్టున్నాడు, అలవాటైన గొంతు గట్టిగానే వచ్చింది. మూడుసార్లు పిలిచాడు. నర్సవ్వ ఈసారి లేవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గేటు వైపు చూస్తూ కూర్చుంది. గేటు అవతల చాయ్ బండి దగ్గర ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగి చూసి, తమను కాదని మళ్ళీ తిరిగిపోయారు.

నర్సవ్వ ఆ తర్వాత కొంగు నోటి మీద నుంచి తీసింది.

"పలుకలే బిడ్డా" అంది శ్యామలతో.